సైకిల్ హెల్మెట్ తలకు కుదిరేదాకా

హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సౌర ఫలకాల పైకప్పుతో వేసిన 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ 2023లో మొదలైంది. అప్పటి నుంచి సెలవు రోజుల్లో నేనూ మా అమ్మాయీ అక్కడ సైకిల్ తొక్కుతున్నాం. ట్రాక్ మీదికి కార్లు రావు. కానీ చక్రం జారి తల నేలకు కొట్టుకోవడానికి కారే గుద్దాల్సిన పని లేదు. అందుకే ఇద్దరికీ హెల్మెట్లు కొనాలనుకున్నాను.

ముందు కుట్టుపని టేపుతో కొలుచుకున్నాం. కనుబొమలకు కాస్త పైనుంచి, తల వెనక బాగా ఉబ్బెత్తుగా ఉన్న చోటు మీదుగా చుట్టాలి. నాకు 57 సెంటీమీటర్లు వచ్చింది. దుకాణంలో 54 నుంచి 58 సైజు ఇచ్చారు. కొలతకు సరిపోయింది గానీ తలకు సరిపోలేదు. కణతల దగ్గర పట్టేసినట్టు నొక్కింది, నుదుటి ముందు వేలు దూరేంత ఖాళీ. నా తల గుండ్రం, ఆ అచ్చు కోల. "పెద్ద సైజు తీసుకోండి మేడమ్, హెల్మెట్ వెనక ఉన్న ఈ చిన్న చక్రం తిప్పితే బిగుస్తుంది" అన్నాడు దుకాణం అబ్బాయి. నేను ఒప్పుకోలేదు. ఆ చక్రం లోపలి పట్టీని బిగిస్తుందే తప్ప తలకూ హెల్మెట్ లోపలి నురుగు పొరకూ మధ్య ఖాళీని పూడ్చదు. ఇంకో కంపెనీది, గుండ్రటి అచ్చుది పెట్టుకున్నాక తల చుట్టూ ఒకే తీరుగా ఆనింది. లోపల ఈఎన్ 1078 అనే యూరప్ ప్రమాణం ముద్ర ఉందో లేదో చూసుకున్నాను. అమెరికా ముద్ర సీపీఎస్సీ అయినా మంచిదే. మనకు తెలిసిన ఐఎస్ 4151 అనే భారత ప్రమాణం మోటారు ద్విచక్ర వాహనాల హెల్మెట్లది.

అసలు పని ఇంటికి వచ్చాక మొదలైంది. హెల్మెట్ నేలకు సమాంతరంగా, కనుబొమలకు రెండు వేళ్ల ఎత్తులో ఉండాలి. వెనక్కి వాలితే నుదురు బయటపడుతుంది, పడినప్పుడు దెబ్బ అక్కడే తగలొచ్చు. నా జడ ఎత్తుగా ఉంటే వెనక పట్టీ కూర్చోదు. మెడ దగ్గరకు దించి వదులుగా అల్లుకున్నాను. జూకాలు తీసేశాను, అవి పట్టీలకు చిక్కుకుంటాయి.

పట్టీలకే ఎక్కువ సమయం పట్టింది. ముందు పట్టీ, వెనక పట్టీ చెవి తమ్మెకు కాస్త కింద కలవాలి, చెవి మీద పాకకూడదు. కలిసే చోట ఉన్న చిన్న ప్లాస్టిక్ క్లిప్పును తెరిచి, రెండు పట్టీలనూ కొంచెం కొంచెంగా లాగుతూ రెండు వైపులా ఒకే ఎత్తుకు తేవాలి. అద్దం ముందు కూర్చుని చేస్తేనే తేడా తెలుస్తుంది. తరువాత గడ్డం కింద బకిల్. పట్టీకీ గడ్డానికీ మధ్య ఒక వేలు పట్టాలి. పెద్దగా ఆవలిస్తే హెల్మెట్ నడినెత్తిని కిందికి నొక్కినట్టు అనిపించాలి. అలా అనిపించకపోతే పట్టీ ఇంకా వదులే.

మా అమ్మాయి మాత్రం "అమ్మా, చర్మం పట్టేస్తోంది" అని బకిల్ పెట్టనివ్వలేదు. బకిల్ వెనక నా వేలు అడ్డం పెట్టి బిగించాను, అప్పుడు ఊరుకుంది. తల అటూ ఇటూ ఊపమన్నాను. హెల్మెట్ కదిలితే నుదుటి చర్మం కూడా దాంతోపాటే కదలాలి. హెల్మెట్ ఒక్కటే జారితే చక్రం ఇంకో మెట్టు తిప్పాలి. నొప్పి పెట్టే హెల్మెట్‌ను పిల్లలు మన కళ్లు మరలగానే వెనక్కి నెట్టేస్తారు. అందుకే తన నుదుటి మీద ఎర్రటి గీత పడిందేమోనని కాసేపటికి తీసి చూశాను.

లోపలి నురుగు టీవీ పెట్టెలో వచ్చే థర్మోకోల్ జాతిదే, కాకపోతే ఇంకా దట్టం. గట్టి దెబ్బ తగిలితే అది నలిగి ఆ దెబ్బను తాను తీసుకుంటుంది, మళ్లీ ఉబ్బదు. పైకి పగులు కనిపించకపోయినా అలాంటి దెబ్బ తిన్న హెల్మెట్‌ను మార్చేయాలి. మే నెల ఎండలో కారులో వదిలేసినా నురుగు చెడిపోవచ్చు. అందుకే మావి రెండూ ఇంట్లోనే కొక్కేనికి వేలాడుతున్నాయి. చెమట పట్టే మెత్తలను ఊడదీసి సబ్బునీళ్లలో ఉతికి నీడన ఆరేస్తాం. మా అమ్మాయి తల పెరుగుతోంది కాబట్టి టేపు మాత్రం అందుబాటులోనే ఉంచాను.