మీ దేవుడికి శరీరం ఉందా?

అమెరికాలోని యూటా రాష్ట్రంలో మా అమ్మాయి చదివే హైస్కూలు పక్కనే మోర్మన్లనే క్రైస్తవ శాఖవాళ్ల సెమినరీ, అంటే మతపాఠాల బడి, భవనం ఉంది. రోజూ ఒక పీరియడ్‌లో పిల్లలు గుంపుగా పార్కింగ్ స్థలం దాటి అక్కడికి వెళతారు. తల్లిదండ్రుల అనుమతితో బడివేళలోనే మతపాఠం చెప్పే ఈ పద్ధతి 1912లో సాల్ట్ లేక్ సిటీలోని గ్రానైట్ హైస్కూలు దగ్గర మొదలైంది. దాని ఫలితం మా వంటింట్లో కనిపిస్తుంది. సెమినరీకి వెళ్లే అమ్మాయి స్నేహితురాలు మతనియమమని మా అల్లం టీ ముట్టదు. బాదం పాలు తాగుతూ తన మతం ఏం చెబుతుందో పొల్లుపోకుండా చెబుతుంది. మన పిల్లలకు విష్ణు సహస్రనామం కంఠతా వస్తుంది, అర్థం అడిగితే మన వంక చూస్తారు. మనం పైకప్పు వంక చూస్తాం.

ఒకరోజు ఆ పిల్లే అడిగింది, "మీ దేవుడికి శరీరం ఉందా?" అని. వాళ్ల దేవుడికి ఉంది, మాంసం, ఎముకలతో సహా. ఆత్మ కూడా సూక్ష్మమైన పదార్థమేనని 1843లో వాళ్ల సంఘ స్థాపకుడు జోసెఫ్ స్మిత్ బోధించాడు. మా ఇంట్లో దీనికి రెండు జవాబులున్నాయి. మా అత్తగారికి దేవుడంటే ఏడుకొండల మీద నిలుచున్న వెంకన్న, మా నాన్నగారికి రూపం, గుణం లేని బ్రహ్మం. కలిసినప్పుడు ఒకే పూజగదిలో ఇద్దరూ దణ్ణం పెట్టుకుంటారు, పేచీ లేదు. రెండూ చెప్పాను. తప్పించుకుంటున్నానని ఆ పిల్ల అనుకుంది.

యేసు పంపిన తొలి బోధకులైన అపొస్తలుల తర్వాత గ్రీకు తత్వం కలిసి క్రైస్తవం చెడిందని, పోయిన సత్యం 1830లో స్థాపించిన తమ సంఘంతో తిరిగి వచ్చిందని మోర్మన్ల నమ్మకం. 325లో క్రైస్తవ మతపెద్దల నైసియా సభ తండ్రి అయిన దేవుడిదీ కుమారుడైన యేసుదీ ఒకే సారమని చెప్పడానికి వాడిన గ్రీకు మాట బైబిల్లో లేదు కాబట్టి వాళ్ల వాదనలో పస ఉంది. కానీ రెండో శతాబ్దపు క్రైస్తవ రచయిత జస్టిన్ క్రైస్తవుడయ్యాక కూడా తత్వవేత్తల అంగీ విప్పలేదు. తత్వానికి నెలవైన ఏథెన్సుకూ మతానికి నెలవైన యెరూషలేముకూ ఏం సంబంధమని గద్దించిన తొలినాటి క్రైస్తవ రచయిత టెర్టుల్లియన్ సైతం దేవుడికి ఒక విధమైన శరీరం ఉందన్నాడు. అది స్టోయిక్కులనే గ్రీకు తత్వవేత్తల ఆలోచన. తలుపు మూస్తే తత్వం కిటికీలోంచి వచ్చింది. ఆ లెక్కన జోసెఫ్ స్మిత్ మాట కూడా తత్వమే, దైవం పదార్థమా కాదా అన్న గ్రీకుల ప్రశ్నకు ప్లేటో ఒప్పుకోని జవాబు. మతం ఏదైనా తత్వం లేకుండా రెండు వాక్యాలు మాట్లాడలేదని నా అభిప్రాయం.

పుట్టకముందే మనమంతా ఆత్మలుగా దేవుడి దగ్గర ఉన్నామని కూడా వాళ్లు నమ్ముతారు. "అయితే మీకూ పూర్వజన్మ ఉంది!" అని మా అమ్మాయి సంబరపడింది. లేదు, వాళ్లకు భూమి మీద ఒకటే జన్మ. పోలిక దొరగ్గానే చంకలు గుద్దుకుంటే అసలు తేడా జారిపోతుంది.

ఇప్పుడు సెమినరీ తరగతికి తానూ వెళతానంటోంది. సంఘంలో లేనివాళ్లనూ రానిస్తారు. మతం మార్చేస్తారేమోనని మా వారి భయం. వద్దంటే మా దగ్గర జవాబులు లేవని చాటుకున్నట్టే అని నా వాదన. చివరికి ఒక షరతు మీద రాజీ కుదిరింది. అక్కడ విన్నది రాత్రి భోజనాల దగ్గర మాకు చెప్పాలి. ఆ వేళకు ఇండియాలో తెల్లవారి నాన్నగారు పొద్దుటి కాఫీతో ఫోనులో ఉంటారు. మొన్న ఆయనే మనవరాలిని అడిగారు: "ఆ శరీరం ఎప్పుడు మొదలైందమ్మా? మొదలైనదానికి చివర ఉండదా?" స్నేహితురాలి దగ్గర దానికీ జవాబు ఉంది. దేవుడు ఒకప్పుడు మనిషేనని 1844లో జోసెఫ్ స్మిత్ ఒక ప్రసంగంలో చెప్పాడట. నాన్నగారు ఇంకా వాదిస్తూనే ఉన్నారు.