పూజ అయ్యాక ఎవర్ని అడగాలో తెలియక

మాది గుంటూరు, లూథరన్ (ప్రొటెస్టంట్) కుటుంబం. 1842లో మిషనరీ ఫాదర్ హయ్యర్ గారు గుంటూరు వచ్చిన కథని మా అమ్మమ్మ సొంత తాతగారి కథలా చెప్పేది. అలాంటి ఇంట్లోంచి ఉద్యోగానికని విజయవాడ వచ్చి, గుణదలలో అద్దెకి దిగి, నాలుగేళ్ళకి ఆర్‌సీఎంలో, అంటే రోమన్ కాథలిక్ సభలో చేరాను. ఎందుకు చేరానన్నది పెద్ద కథ, ఇంకోసారి రాస్తా. ఇవాళ చేరిన తర్వాత సంగతి రాస్తున్నా, ఎందుకంటే అది నాకు ముందు ఎవరూ చెప్పలేదు.

చేరేముందు అంతా బాగానే ఉంది. వారం వారం జ్ఞానోపదేశం, ఉపదేశి గారు ఓపిగ్గా చెప్పేవారు. అమ్మ మాత్రం ఫోన్ చేసి "మళ్ళీ బాప్తిస్మం ఇస్తారా, మరి చిన్నప్పుడు మేం ఇప్పించింది ఏమైనట్టే" అని ఏడ్చింది. ఇవ్వరమ్మా, తండ్రి కుమార పరిశుద్ధాత్మ నామంలో నీళ్ళతో ఇచ్చింది వీళ్ళకీ చెల్లుతుంది, మళ్ళీ ఇవ్వకూడదు కూడా అంటే అప్పుడు కుదుటపడింది. పాపసంకీర్తనం (ఫాదర్ దగ్గర పాపాలు ఒప్పుకోవడం) చేశా, విశ్వాస ప్రకటన చేశా, భద్రమైన అభ్యంగనం (కన్ఫర్మేషన్), దివ్యసత్ప్రసాదం (కమ్యూనియన్) అన్నీ అయ్యాయి, కేక్ కోశారు, ఫోటోలు దిగాం. మరుసటి వారం నుంచి క్లాసు లేదు.

అక్కణ్నించి మొదలైంది నాకు. ఒక్కదాన్నే గదిలో కూర్చుని జపమాల చెప్తుంటే మధ్యలో ఆఫీసు గుర్తొచ్చేది, అయ్యో ఇది లెక్కలోకి రాదేమో అని మళ్ళీ మొదటి పూస నుంచి, అలా రాత్రి పదకొండు దాటేది. సత్ప్రసాదానికి గంట ముందు నుంచి ఏమీ తినకూడదు కదా, మంచినీళ్ళు తాగితే ఏమవుతుందో తెలీక (తాగొచ్చు, మందులూ వేసుకోవచ్చు, తర్వాత తెలిసింది) ఎండాకాలంలో గొంతు ఎండిపోయి కూర్చునేదాన్ని. యూట్యూబ్‌లో వెతికితే ఒకాయన చేతిలో తీసుకోవచ్చంటాడు, ఇంకొకాయన నాలిక మీదే తీసుకోవాలంటాడు, ఇద్దరూ గట్టిగానే చెప్తారు. అన్నిటికన్నా కష్టం ఏంటంటే, ఒకసారి చెప్పేసిన పాపమే సరిగ్గా చెప్పానో లేదో అని మళ్ళీ మళ్ళీ వెళ్ళి చెప్పడం.

ఒక ఫాదర్ గారు పాపసంకీర్తనంలో చాలా చల్లగా మాట్లాడారు, "క్షమించడం అయిపోయిందమ్మా, దాన్ని ఇంక తవ్వొద్దు" అని. ఆ ఆదివారం గుడిలో పూజ (మాస్) అయ్యాక మెట్ల దగ్గర ఎదురుపడితే, ఎలా ఉన్నావమ్మా, ఆ బాధ తగ్గిందా అని అడుగుతారని నిలబడ్డా. నవ్వి నమస్కారం పెట్టి వెళ్ళిపోయారు. నాకెంత చిన్నబుచ్చినట్టయిందో చెప్పలేను. మా గుంటూరు పాస్టర్ అయ్యగారైతే ఇంటికొచ్చి మరీ అడిగేవారు. వీళ్ళకి మనం గుర్తు కూడా ఉండమా అనుకున్నా.

ఇది విడమర్చి చెప్పింది ఒక పెద్ద వయసు సిస్టర్. కాన్వెంట్ వరండాలో చిన్న పట్టకారుతో తెగిపోయిన జపమాలలు బాగుచేస్తున్నారు, ఒళ్ళో స్టీలు గిన్నె నిండా పూసలు. నాది కూడా తెగిందని వెళ్ళి, అక్కడే కూలబడి అంతా చెప్పేశా. ఆవిడ తీగ వంచుతూనే విన్నారు. తర్వాత అన్నారు, "ఆయన మర్చిపోలేదు తల్లీ. పాపసంకీర్తనంలో విన్నది ఎవరికీ చెప్పకూడదు సరే, నువ్వు ఎత్తితే తప్ప నీతో కూడా బయట ఎత్తకూడదు. అడగాల్సింది నువ్వే."

నేను మొద్దులా చూస్తూ ఉండిపోయా. ఇన్నాళ్ళూ పట్టించుకోలేదనుకున్నది, నా రహస్యాన్ని నా దగ్గర కూడా కాపాడటం అన్నమాట.

సిస్టర్ ఇంకో సంగతి చెప్పారు, జెస్యూట్ సభ పెట్టిన పునీత ఇఞాసి (ఇగ్నేషియస్ లొయోలా) వారిది. 1522లో స్పెయిన్‌లోని మన్రేసాలో ఆయనకీ ఇదే అవస్థ, చెప్పిన పాపాలే మళ్ళీ మళ్ళీ చెప్పి, చివరికి చచ్చిపోదామనే ఆలోచన దాకా వెళ్ళారు. తర్వాత ఆయనే రాసిపెట్టారు, మనసు చీకట్లో ఉన్నప్పుడు, అంతకు ముందు స్థిరంగా తీసుకున్న నిర్ణయాన్ని మార్చుకోవద్దు అని. అంత పెద్ద పునీతుడు ఆ గుంటలో పడి లేచాడని వినగానే నాకు ఏడుపొచ్చింది, అది బాధ ఏడుపు మాత్రం కాదు.

కొత్తగా చేరినవాళ్ళు ఎవరైనా చదువుతుంటే, నేను చేస్తున్నది ఇది. ప్రతిసారీ కొత్త ఫాదర్ దగ్గరికి పరిగెత్తకుండా నెలకోసారి ఒక్కరి దగ్గరికే వెళ్తున్నా. ఆయనకి నా తీరు తెలుస్తోంది, నేను మళ్ళీ తవ్వడం మొదలుపెడితే ఆపుతారు. సలహాకి వేరుగా టైమ్ అడిగా, "ఫాదర్ గారూ, ఒక అరగంట మీతో మాట్లాడాలి" అని, అంతే. ముందు ఒకచోట అడిగితే బిజీ అన్నారు, నిజంగానే బిజీ, ఒక్కరే నాలుగు ఊళ్ళు చూసుకోవాలి పాపం, కానీ నేను అక్కడితో ఆగిపోయి ఆర్నెల్లు పోగొట్టుకున్నా. సలహా చెప్పేది ఫాదరే కానక్కర్లేదు, సిస్టర్ అయినా, ప్రార్థనలో పండిన మామూలు విశ్వాసి అయినా చెప్పొచ్చు. పాపవిమోచనం మాత్రం గురువు (ఫాదర్) దగ్గరే.

మొన్న ఫిబ్రవరిలో గుణదల ఉత్సవాలకి అమ్మ వచ్చింది. 1924లో ఫాదర్ అర్లాటి గారు పెట్టిన మరియమాత స్వరూపం ముందు జనంలో కాసేపు నిలబడి ఏం మాట్లాడలేదు, బస్ స్టాండ్‌కి వెళ్తూ ఆటోలో అడిగింది, "ఆ పూసలతో ఏమని చెప్తారే" అని. మంగళవార్త జపం చెప్పా. "మొదటి సగం లూకా సువార్తలోదే కదా" అంది. రెండో సగం గురించి అడిగితే నాకు సరిగ్గా చెప్పడం రాలేదు.

ఈ శనివారం నాలుగింటికి ఫాదర్ గారు టైమ్ ఇచ్చారు. నోట్‌బుక్‌లో మొదటి ప్రశ్న అమ్మదే రాసుకున్నా.