22 ఓట్ల తేడాతో తేలిన నియోజకవర్గంలో నా మొదటి ఓటు

ఎవరికి ఓటు వేయాలో ఎన్నికలకు ఏడాది ముందే నిర్ణయించుకున్నాను. తీరా ఎన్నికలు దగ్గరపడేసరికి ఆ పార్టీయే పోటీలో లేకుండా పోయింది.

మేముండేది కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో, సర్రే-గిల్డ్‌ఫోర్డ్ నియోజకవర్గంలో. పౌరసత్వం వచ్చాక మాకు వచ్చిన తొలి శాసనసభ ఎన్నిక 2024 అక్టోబరు 19న జరిగింది. ఇక్కడ వామపక్ష పార్టీ అయిన ఎన్‌డీపీకి (న్యూ డెమొక్రటిక్ పార్టీకి) ఎదురు నిలిచే కుడిపక్షం వారంతా చాలాకాలం బీసీ లిబరల్ అనే ఒకే గొడుగు కింద ఉండేవారు. 2022లో ఆ పార్టీ నాయకుడు కెవిన్ ఫాల్కన్, వాతావరణ మార్పుపై పెట్టిన ఒక పోస్టు కారణంగా జాన్ రుస్టాడ్ అనే సభ్యుణ్ణి బయటికి పంపారు. రుస్టాడ్ వెళ్లి కన్జర్వేటివ్ పార్టీకి నాయకుడయ్యారు. 2020లో దానికి రెండు శాతం ఓట్లు కూడా రాలేదు! బీసీ లిబరల్ మాత్రం 2023లో బీసీ యునైటెడ్ అని పేరు మార్చుకుని, ఉన్న గుర్తింపునూ పోగొట్టుకుంది. నేను ఓటు వేద్దామనుకున్నది ఆ పార్టీకే. చివరికి 2024 ఆగస్టు 28న ఫాల్కన్ దాని ప్రచారం ఆపేసి, కన్జర్వేటివ్‌లకు మద్దతు ప్రకటించారు.

ఎందుకో అర్థం చేసుకోవడానికి 1996 ఎన్నికల గురించి చదివాను. ఆ ఏడు లిబరల్‌లకు ఎక్కువ ఓట్లు వచ్చినా, రిఫార్మ్ అనే మరో కుడిపక్ష పార్టీ కొన్ని ఓట్లు చీల్చుకోవడంతో 39 స్థానాలతో ఎన్‌డీపీ గెలిచింది. కారణం సరైనదే కావచ్చు. అయినా నాలాంటి ఓటరుకు ఒక్క మాటైనా చెప్పకుండా తలుపు మూసేశారన్న బాధ నాకు ఇప్పటికీ ఉంది. బీసీ యునైటెడ్ సభ్యులు కొందరు స్వతంత్రులుగా నిలబడ్డారు, ఒక్కరూ గెలవలేదు.

సెప్టెంబరంతా అభ్యర్థుల మాటలు విన్నాను. ఎవరికి వేశానో ఇక్కడ రాయను. ముందస్తు పోలింగులో, అక్టోబరు 13న, ఆదివారం వెళ్లాను. డ్రైవింగ్ లైసెన్సు చూపిస్తే ఓటర్ల జాబితాలో పేరు చూసి బ్యాలట్ ఇచ్చారు. మన దగ్గరలా గుర్తులుండవు, అభ్యర్థి పేరూ పార్టీ పేరూ మాత్రమే. పేరు పక్కనున్న గుండ్రాన్ని పెన్నుతో నింపి, కాగితాన్ని ఓట్లు లెక్కించే యంత్రంలో పెట్టాలి. వేలికి సిరా పెట్టలేదు. బయటికొచ్చి అలవాటుగా చూపుడువేలు చూసుకున్నాను.

మాతో ఉంటున్న మా అత్తగారు, "నాకెందుకు లేదు బాబూ ఓటు?" అని అడిగారు. ఆవిడకు శాశ్వత నివాస హక్కే ఉంది, పౌరసత్వం లేదు. రాజమండ్రిలో ఒక్క ఎన్నిక కూడా వదలని మనిషి.

నా భార్యకు ఆ వారం సెలవు దొరకలేదు. 19న కుండపోత వర్షం, రోడ్ల మీద నీళ్లు. సాయంత్రం ఏడయింది, ఎనిమిదికి పోలింగు ముగుస్తుంది. "ఒక్క ఓటుకు ఇంత వానలో ఎందుకు?" అంది. అత్తగారే గొడుగు తెచ్చి చేతికిచ్చారు. తడిసి వెళ్లి, తడిసి వచ్చాం.

ఆ రాత్రి మా నియోజకవర్గంలో కన్జర్వేటివ్ అభ్యర్థి 103 ఓట్ల ఆధిక్యంలో ఉన్నారు. మిగిలిన ఓట్లు అక్టోబరు 28కి లెక్కపెట్టేసరికి ఎన్‌డీపీ అభ్యర్థి గ్యారీ బెగ్ 27 ఓట్లతో ముందుకొచ్చారు. న్యాయమూర్తి సమక్షంలో మళ్లీ లెక్కిస్తే తేడా 22. మొత్తం 93 స్థానాల్లో ఎన్‌డీపీకి 47, అంటే బొటాబొటి మెజారిటీ. ఆ నలభై ఏడోది మాదే. మా భవనంలోనే 22 కన్నా ఎక్కువ ఇళ్లున్నాయి.

ఆ వార్త విన్న రోజే అత్తగారు పాస్‌పోర్టు ముందేసుకుని కూర్చున్నారు. పౌరసత్వానికి దరఖాస్తు చేయాలంటే ఐదేళ్లలో 1,095 రోజులు ఇక్కడ ఉండాలి. క్యాలెండరు వెనక్కి తిప్పుతూ, ఇండియా వెళ్లొచ్చిన రోజులు తీసేసి, ఇంకా ఎన్ని కావాలో పెన్సిలుతో లెక్క వేస్తున్నారు.