మావయ్య సంతకం, అమ్మాయి వయసు

గ్రీన్‌కార్డు క్యూ ఏ తేదీ వాళ్ళ దాకా వచ్చిందో అమెరికా ప్రభుత్వం నెలనెలా చెప్పే వీసా బులెటిన్ ఈ నెలది వచ్చింది. ఉద్యోగం మీద వచ్చే గ్రీన్‌కార్డుల్లో మా కేటగిరీ ఇండియా ఈబీ-2. దాని తేదీ ఉన్నచోటే ఉంది. ఈయన ఆఫీసుకి బయల్దేరుతూ "చూశావా?" అన్నారు. "చూశాను" అన్నాను. అంతే. పిల్లాడికి బాక్సు కట్టే హడావిడిలో పడిపోయాను.

మాది 2015 మార్చి ప్రయారిటీ డేట్, అంటే క్యూలో మా స్థానం ఆ తేదీది. రెండుసార్లు గుమ్మం దాకా వెళ్ళి ఆగిపోయాం. 2020 అక్టోబరులో ఈబీ-3 అనే పక్క కేటగిరీలో అప్లికేషన్ వేసుకోనిచ్చే ఫైలింగ్ తేదీ ఒక్కసారిగా 2015 జనవరికి వచ్చేసింది. తెలిసినవాళ్ళు చాలామంది ఈబీ-2 నుంచి ఈబీ-3కి మార్చుకుని, ఆ కోవిడ్ రోజుల్లోనే మెడికల్స్ కోసం డాక్టర్ల చుట్టూ తిరిగి 485, అంటే గ్రీన్‌కార్డు అప్లికేషన్, వేసేశారు. మాకు రెండు నెలలు తక్కువైంది. 2022 వేసవిలో ఈబీ-2 తేదీ 2014 డిసెంబరు దాకా వచ్చింది. ఇంకేముంది, వచ్చే నెలో ఆ పై నెలో మనదే అనుకుంటూ ఫొటోలు కూడా తీయించుకున్నాం. అక్టోబరు బులెటిన్‌లో 2012 ఏప్రిల్‌కి వెనక్కి పోయింది. డిసెంబరులో 2011కి దిగింది. ఆ ఫొటోల్లో మా అమ్మాయి ముఖం ఇప్పుడు చూస్తే చిన్నపిల్ల ముఖం.

ఉద్యోగాల కోటాలో ఏడాదికి 1,40,000 గ్రీన్‌కార్డులు. భార్యని, పిల్లల్ని కూడా అందులోనే లెక్కేస్తారు. మామూలుగా ఏ ఒక్క దేశానికీ ఏడు శాతం దాటకూడదు. 1990లో రాసిన చట్టం ఇది. ఆ తర్వాత ఇండియా నుంచి ఎంతమంది వచ్చి పనిచేస్తున్నారో, ఎంతమంది ఇళ్ళు కొనుక్కుని పన్నులు కడుతున్నారో దానికి పట్టదు. పుట్టిన దేశాన్ని బట్టి ఒకరికి త్వరగా వచ్చేది ఇంకొకరికి పదిహేనేళ్ళకీ రాకపోవడం అన్యాయం. ఇది నేను ఎవరి ముందైనా అంటాను.

ఏడింటికి మావయ్యకి ఫోన్ చేశాను. అక్కడ సాయంత్రం అయిదున్నర. నేను పుట్టింది కొల్లిపర దగ్గర మా అమ్మమ్మగారి ఊళ్ళో, ఇంట్లోనే. అప్పట్లో ఎవరూ పంచాయతీలో రాయించలేదు. అందుకని గ్రీన్‌కార్డు అప్లికేషన్‌కి జనన ధ్రువపత్రం బదులు, రికార్డు లేదని ఊరి నుంచి నాన్ అవైలబిలిటీ సర్టిఫికెట్ తీసుకుని, నా పుట్టుక తెలిసిన ఇద్దరి చేత అఫిడవిట్లు రాయించి పెట్టాలి. ఒకటి అమ్మది. నాన్న లేరు కాబట్టి రెండోది మా పెద్ద మావయ్యది. ఆయనకి ఎనభై దగ్గర పడుతున్నాయి. తేదీ కరెంట్ అయ్యాక, అంటే మా వంతు వచ్చాక, చూసుకోవచ్చులే అని మా ఆయన అంటారు గానీ, మావయ్య ఓపికగా ఉన్నప్పుడే ఈ పని అయిపోవాలని నా పట్టుదల.

వాట్సాప్‌లో పంపిన డ్రాఫ్టుని మావయ్య ప్రింట్ తీయించుకున్నారు. కళ్ళజోడు పెట్టుకుని, వేలు ఆనించి ఒక్కో లైను చదువుతుంటే వీడియోలో ఆయన నుదురు మాత్రమే కనిపిస్తోంది.

"ఇందులో మంత్రసాని సంగతి రాయలేదేంటమ్మా?"

"అదక్కర్లేదు మావయ్యా. తేదీ, ఊరు, అమ్మా నాన్నల పేర్లు ఉంటే చాలు. మీకెలా తెలుసో ఒక ముక్క ఉండాలి, దానికే మేనమామ అని రాశాం."

"మేనమామ అయినంత మాత్రాన తెలుస్తుందా తల్లీ? అర్ధరాత్రి సైకిలేసుకుని పక్క ఊరు వెళ్ళి ఆవిణ్ణి వెనకాల కూర్చోబెట్టుకొచ్చింది నేను. కాలవ గట్టు మీద అంతా బురద. నువ్వు పుట్టేసరికి తెల్లారుతోంది. అది రాయకుండా నాకు తెలుసని సంతకం పెడితే వాళ్ళెందుకు నమ్ముతారు?"

ఆయన చెప్పిందే సరైనది. లాయర్ ఇచ్చిన నమూనాలో ఆ ఖాళీ ఊరికే ఒక లైను. మావయ్యకి అది ఒక రాత్రి. రెండు వాక్యాలు చేర్చి మళ్ళీ పంపాను. రేపు తెనాలి వెళ్ళి స్టాంపు పేపరు మీద టైపు చేయించి నోటరీ పెట్టిస్తానన్నారు. ఎండ తగ్గాక ఆటోలో వెళ్ళమని మరీ మరీ చెప్పాను.

నాకు అసలు టెన్షన్ అమ్మాయి గురించి. మూడేళ్ళప్పుడు వచ్చింది. ఇప్పుడు పందొమ్మిది. ఇరవై ఒకటి నిండితే మా ఫైల్లోంచి దాని పేరు పోతుంది. మా తేదీ వచ్చిన రోజున ఉన్న వయసులో చట్టం కొంత తగ్గించి లెక్కిస్తుంది, కానీ తగ్గించేది ఐ-140, అంటే కంపెనీ మన కోసం వేసే పిటిషన్, పెండింగ్‌లో ఉన్న రోజుల్ని మాత్రమే. మాది కంపెనీ అదనపు ఫీజు కట్టి, త్వరగా తేలే ప్రీమియం ప్రాసెసింగ్‌లో వేసింది, రెండు వారాల్లో అప్రూవ్ అయింది. ఆ రోజు స్వీట్లు పంచాం. ఇప్పుడు అమ్మాయికి దక్కేది ఆ రెండు వారాలే. ఏడాది పాటు నలిగిన ఫైలు వాళ్ళ పిల్లలకి ఏడాది కలిసొస్తుంది. పైగా 2025 ఆగస్టు నుంచి ఈ వయసు లెక్కకి ఫైలింగ్ తేదీ పనికిరాదు, గ్రీన్‌కార్డు చేతికిచ్చే ఫైనల్ యాక్షన్ తేదీనే చూస్తామన్నారు. అంటే ఇంకా ఆలస్యం.

ఇరవై ఒకటి నిండేలోగా అది ఎఫ్-1కి, అంటే స్టూడెంట్ వీసాకి, మారవచ్చు. దానికి, చదువయ్యాక ఇండియా వెళ్ళిపోతానని చూపించాలి. ఊహ తెలిసినప్పటి నుంచి ఈ టెక్సాస్‌లో పెరిగిన పిల్ల ఏం చూపిస్తుంది? తమ్ముడు ఇక్కడే పుట్టాడు, వాడు సిటిజన్. వాడికి ఇరవై ఒకటి వచ్చాక మాకు ఫైల్ చేయగలడు. అక్కకి చేస్తే మాత్రం తోబుట్టువుల కోటా, ఎఫ్4. మనవాళ్ళకి అందులో ఇరవై ఏళ్ళ దాకా పడుతోంది. ఒకే బల్ల దగ్గర కూర్చుని ఒకే పప్పన్నం తినే పిల్లలిద్దరి మధ్య ఇంత తేడా ఎందుకుండాలి?

మధ్యాహ్నం అది కాలేజీ నుంచి వస్తూ ఐస్‌క్రీం షాపు ముందు ఆగిందట. వేసవికి మనుషులు కావాలని బోర్డు పెట్టారు. దాని స్నేహితురాలు అక్కడే చేరింది. హెచ్-4, అంటే హెచ్-1బి వాళ్ళ భార్యాపిల్లల వీసా, దానిలో పిల్లలకి పని చేసే హక్కు లేదు. 2015లో ఇచ్చిన ఈఏడీ (పని చేసే అనుమతి) వెసులుబాటు కొందరు భార్యాభర్తలకే. "నేను లైబ్రరీలో వాలంటీర్ చేస్తానమ్మా, అది చేయొచ్చుగా" అంది. దాని గొంతులో బాధ లేదు, అలవాటు ఉంది. నాకు కడుపులో దేవినట్టయింది.

సాయంత్రం ఇద్దరం కూర్చుని మా కాంగ్రెస్ సభ్యుడికి ఉత్తరం మొదలుపెట్టాం. తల్లిదండ్రుల వీసా మీద పెరిగిన ఇలాంటి పిల్లల కోసం 2021లో అమెరికాస్ చిల్డ్రన్ యాక్ట్ అని బిల్లు పెట్టారు, తర్వాత మళ్ళీ పెట్టారు, చట్టం కాలేదు. నేను కోటాలూ శాతాలూ రాస్తుంటే అమ్మాయి లాప్‌టాప్ తన వైపు తిప్పుకుంది. ఆ పేరా మొత్తం తీసేసి ఐస్‌క్రీం షాపు గురించి రాసింది, డ్రైవింగ్ లైసెన్సు వీసా తేదీతో పాటే అయిపోతుందని రాసింది. నా లెక్కల్లో ఒక్క లైను ఉంచమని బతిమాలితే ఏడు శాతం మాట ఒప్పుకుంది. ఇంకా సగం మిగిలింది. ఆదివారం లోపు పూర్తి చేసి, పక్క వీధి వాళ్ళ అబ్బాయి చేత కూడా ఒకటి రాయించాలి. వాడికి వచ్చే నెలలోనే ఇరవై ఒకటి.