మా అమ్మాయి గుమ్మడికాయ సూప్

సెప్టెంబర్ సగం దాటిందంటే జర్మనీలో మేముండే స్టుట్‌గార్ట్ చుట్టుపక్కల ఊళ్లలో పొలాల పక్కన గుమ్మడికాయలు కుప్పలు పోసి ఉంటాయి. అమ్మేవాళ్లెవరూ ఉండరు. ఒక బల్ల, ధరలు రాసిన పలక, డబ్బులు వేయడానికి ఒక డబ్బా. నచ్చిన కాయ తీసుకుని, చిల్లర డబ్బాలో వేసి వెళ్లిపోవడమే. ఆ నాణేలు వేసే పని మా అమ్మాయిది. ఇక్కడికి దగ్గర్లోని లుడ్విగ్స్‌బర్గ్ ప్యాలెస్ తోటలో ఏటా గుమ్మడికాయల ప్రదర్శన పెడతారు. 2016లో బెల్జియం నుంచి వచ్చిన ఒక కాయ అక్కడ 1,190 కిలోలు తూగింది, అప్పటికి అదే ప్రపంచ రికార్డు. రాక్షస కాయల్ని తొలిచి, అందులో కూర్చుని తెడ్డు వేసుకుంటూ పడవ పందేలు కూడా ఆడతారు. ఇక్కడ పెరిగే పిల్లలకు చలికాలం ముందు రోజులంటే ఇదంతా గుర్తొస్తుంది.

నాకు గుమ్మడికాయ అంటే సంక్రాంతి. గొబ్బెమ్మల మీద పసుప్పచ్చ పూలు, పండగనాడు ముద్దపప్పులోకి దప్పళం. మా కాకినాడ ఇంట్లో గుమ్మడిని సూప్ చేయొచ్చని ఎవరికీ తోచి ఉండదు.

సూప్ మా ఇంటికి కిండర్‌గార్టెన్ నుంచి వచ్చింది. అక్టోబర్ మొదట్లో ఇక్కడ పంట చేతికొచ్చిన పండగ. పిల్లలు ఇంటి నుంచి తలా ఒక కూరగాయ తీసుకెళ్తారు. టీచర్ల దగ్గర కూర్చుని తరుగుతారు, అందరూ కలిసి సూప్ తాగుతారు. ఆ సాయంత్రం మా అమ్మాయి "నాన్నా, అది మనింట్లో కూడా చేద్దామా?" అని అడిగింది.

ఇలాంటప్పుడు మనవాళ్ల ఇళ్లలో సాధారణంగా జరిగేది నాకు తెలుసు. ఆవాలు, ఎండుమిర్చి, కరివేపాకు పోపు వేసి దాన్ని మన పద్ధతికి తెచ్చేస్తాం. నాకు అది ఇష్టం లేదు. బయట సన్నగా వాన పడుతుంటే తన ఈడు పిల్లల మధ్య కూర్చుని, వేడి గిన్నె రెండు చేతులతో పట్టుకుని తాగిన రుచి అది. దాన్ని మార్చి పెడితే, నీకు నచ్చింది ఈ ఇంట్లోకి రావాలంటే వేషం మార్చుకుని రావాలని పిల్లకు చెప్పినట్టే. మన తిండి పిల్లలకు అలవాటు చేయాలని ఎంత తపన పడతామో, వాళ్లకు బయట దొరికిన రుచిని ఇంట్లో సరిగ్గా వండిపెట్టడానికీ అంత శ్రద్ధ పెట్టాలని నా గట్టి నమ్మకం.

కాబట్టి ఆ సూప్‌ని ఇక్కడివాళ్లు చేసినట్టే చేస్తాను. దీనికి హొక్కైడో గుమ్మడి కావాలి. నారింజ ఎరుపు రంగులో, కిలో, కిలోన్నర ఉండే చిన్న కాయ. తొక్క తీయక్కర్లేదు, ఉడికితే మెత్తబడిపోతుంది. కోయడానికి ముందు ఓవెన్‌లో పది నిమిషాలు ఉంచితే కత్తి తేలిగ్గా దిగుతుంది. గింజలూ పీచూ తీసేసి ముక్కలు చేయాలి. కిలో కాయకు ఒక పెద్ద ఉల్లిపాయ, రెండు క్యారెట్లు, ఒక బంగాళదుంప, బొటనవేలంత అల్లం. ఉల్లిపాయని వెన్నలో రంగు మారకుండా మగ్గనిచ్చి, మిగతావన్నీ వేసి, తొందరపడకుండా కాసేపు వేగనివ్వాలి. రుచంతా ఆ వేగడంలోనే వస్తుంది. అప్పుడు ముప్పావు లీటరు కూరగాయల స్టాక్, అంటే కూరగాయలు ఉడికించి వడగట్టిన నీళ్లు, పోసి ఇరవై నిమిషాలు చిన్న మంట మీద ఉడికించి, హ్యాండ్ బ్లెండర్‌తో మెత్తగా చేయాలి. చివర్లో కొంచెం క్రీమ్, ఉప్పు, మిరియాల పొడి, చిటికెడు జాజికాయ పొడి. పైన వేయించిన గుమ్మడి గింజలు, ఉంటే ఆస్ట్రియాలోని స్టిరియా నుంచి వచ్చే ముదురాకుపచ్చ గింజల నూనె నాలుగు చుక్కలు. ఫ్రీజర్‌లో పెట్టేట్టయితే క్రీమ్ వేయకముందే తీసి పెట్టుకోవాలి.

మొదటిసారి కాయ ముందు పెట్టుకున్నప్పుడు మా అమ్మ వీడియో కాల్‌లో ఉంది. మా ఇంట్లో గుమ్మడికాయకు మొదటి గాటు మగవాళ్లే పెట్టాలి. జంతుబలికి బదులుగా కొట్టే కాయ కాబట్టి ఆడవాళ్లు కోయకూడదనేది పెద్దల మాట. ఇక్కడేమో పిల్ల కత్తి పట్టుకుని సిద్ధంగా ఉంది. నాకు కాస్త టెన్షన్‌గానే అనిపించింది. ఇద్దరిలో ఎవరినీ చిన్నబుచ్చడం నాకు ఇష్టం లేదు. అమ్మ కాసేపు చూసి, "అది దిష్టికాయ కాదు కదరా, కూరకాయ. కోయనీ. వేళ్లు జాగ్రత్త అమ్మలూ" అంది. తర్వాత, "ముక్క నోట్లో వేసుకుని చూశారా?" అని అడిగింది.

దోసకాయగానీ ఆనపకాయగానీ పచ్చి ముక్క కొరికి, చేదుందేమో చూడకుండా అమ్మ ఎప్పుడూ పొయ్యి మీద పెట్టదు. గుమ్మడికీ అదే లెక్క. ఈ జాతి కాయల్లో చేదుగా ఉండేది కుకుర్బిటాసిన్ అనే విషపదార్థం. వండినా పోదు. 2015లో ఈ రాష్ట్రంలోనే, హైడెన్‌హైమ్‌లో, తోటలో పండిన చేదు జుకినీ తిని ఒక పెద్దాయన చనిపోయారు. అందుకే పచ్చి ముక్క నాలుక మీద పెట్టి చూడమని, చేదుంటే ఉమ్మేసి మొత్తం కాయ పారేయమని ఇక్కడా చెబుతారు. అలంకరణకు అమ్మే చారల కాయల్ని అసలు వండకూడదు. ఇప్పుడు మా అమ్మాయి ఎవరూ చెప్పకుండానే ముందు ముక్క రుచి చూస్తుంది. వంటింట్లో నేను నేర్పాలనుకున్న వాటిలో అది ముఖ్యమైనది. అది తనకు నానమ్మ నుంచి వచ్చింది.

దప్పళం మానలేదు. దానికి వేరే కాయ. హొక్కైడో పిండిగా ఉంటుంది, పులుసులో వేస్తే ఇట్టే చితికిపోతుంది. శనివారం సంతలో ముక్కలుగా కోసి తూకానికి అమ్మే మస్కట్ గుమ్మడి మన తీపి గుమ్మడి జాతిదే. చెక్కుతోనే పెద్ద ముక్కలు చేసి, ములక్కాడలు, బెండకాయలు, చిలగడదుంపతో ఉడికించి, చింతపండు పులుసు, బెల్లం వేసి, బియ్యప్పిండి నీళ్లతో చిక్కబరిస్తే ముక్క ముక్కగానే ఉంటుంది. ములక్కాడల కోసం మాత్రం ఊళ్లోని శ్రీలంక తమిళుల కొట్టుకు వెళ్లాలి.

రెండూ ఒకే వారంలో పొయ్యెక్కుతాయి. అక్టోబర్ చివరి ఆదివారం గడియారాలు గంట వెనక్కి తిప్పాక సాయంత్రం ఐదున్నరకల్లా చీకటి పడిపోతుంది. బడి నుంచి తడిసి వచ్చిన రోజుల్లో మా అమ్మాయి సూప్ అడుగుతుంది. ఒంట్లో బాగోకపోతే నాకు చారన్నం ఎలాగో తనకు అది అలాగ. దప్పళం కూడా తింటుంది, ఇష్టంగానే. కానీ తను బెంగగా ఉన్న రోజున ఏది వండాలో నాకు తెలుసు.

మా చిన్నవాడు ఇక్కడే పుట్టాడు, వాడిదీ అదే కిండర్‌గార్టెన్. వాడికి సూప్ వద్దు, దప్పళంలో ముక్కలూ వద్దు. పెరుగన్నంలో కడిగిన మాగాయ ముక్క ఉంటే చాలు, మారు మాట్లాడకుండా తింటాడు. ఎక్కడి నుంచి వచ్చిందో ఆ ఇష్టం. మాగాయ సీసా మాత్రం వాడి కోసం ఫ్రిజ్‌లో కింది అరలోనే పెడుతున్నాం.