కవలలకు స్ట్రోలర్ కొనే ముందు లిఫ్టు కొలిచాం

మా లిఫ్టు తలుపు వెడల్పు 70 సెంటీమీటర్లు. లోపల వెడల్పు 110, లోతు 100. ‘6 మంది, 408 కిలోలు’ అని లోపల రేకు మీద రాసి ఉంటుంది. హైదరాబాద్‌లో ఐదంతస్తుల అపార్ట్‌మెంట్లు చాలావాటిలో ఈ సైజు లిఫ్టే కనిపిస్తుంది. స్కాన్‌లో కవలలని తెలిసిన దగ్గర్నుంచీ మా ఆయన ఫోన్‌లో రోజుకో డబుల్ స్ట్రోలర్, అంటే ఇద్దరు పిల్లల్ని ఒకేసారి తోసుకెళ్లే బండి, చూపించేవారు. ఇద్దరం కలిసి ముందు టేపు పట్టుకుని లిఫ్టు కొలిచాం. మేముండేది నాలుగో అంతస్తులో. నాకు సిజేరియన్ కావచ్చని డాక్టర్ ముందే చెప్పారు. కిందికి దిగని బండి ఎంత బాగున్నా మాకు అక్కర్లేదు.

డబుల్ స్ట్రోలర్లలో ముఖ్యంగా రెండు రకాలు. పిల్లలు పక్కపక్కన కూర్చునేవి ఒక రకం, ఒకరి వెనక ఒకరు కూర్చునేవి ఇంకో రకం. పక్కపక్కన రకం వెడల్పు చాలావాటిలో 75 సెంటీమీటర్ల చుట్టూ ఉంటుంది. మా తలుపులో పట్టదు. రెండో రకం తలుపులోంచి వెళ్తుంది గానీ, పొడవు మీటరు దాటుతుంది. లోపలికి తోస్తే వెనక చక్రాలు బయటే ఉండిపోతాయి. మడిచి తీసుకెళ్లొచ్చు కదా అన్నారు చాలామంది. చంకలో ఇద్దరు పిల్లలు ఉంటే మడిచేది ఎవరు? మా అమ్మకు మోకాళ్ల నొప్పులు. మా ఆయన పొద్దున వెళ్తే రాత్రికి గానీ రారు.

ఎనిమిది మంది పట్టే లిఫ్టు ఉన్నవాళ్లకు ఈ తలనొప్పి ఉండదు. దాని తలుపు సాధారణంగా 80 సెంటీమీటర్లు ఉంటుంది. అలాంటివాళ్లు పక్కపక్కన రకమే తీసుకోవాలని నా గట్టి అభిప్రాయం. ఒకరు నిద్రపోతే ఆ సీటు ఒక్కటే వాల్చుకోవచ్చు, ఇద్దరి ముఖాలూ ఒకేసారి కనిపిస్తాయి.

పిల్లలు 35 వారాలకే పుట్టారు. బాబు, పాప. కవలలు నెలలు నిండకుండా పుట్టడం మామూలే. కానీ దానివల్ల స్ట్రోలర్ విషయంలో ఒక షరతు వచ్చిపడింది. మెడ నిలబడేదాకా ఇద్దరినీ వెల్లకిలా, దాదాపు చదునుగా పడుకోబెట్టే తిప్పాలని పిల్లల డాక్టర్ చెప్పారు. కూర్చున్నట్టు ఉంచితే తల ముందుకు వాలి గడ్డం ఛాతీకి ఆనుతుంది, శ్వాసకు అడ్డమవుతుంది. నెలలు లెక్కపెట్టేటప్పుడు కూడా పుట్టిన తేదీ నుంచి కాకుండా, పుట్టాల్సిన తేదీ నుంచి లెక్కపెట్టమన్నారు. యూరప్ ప్రమాణం ఈఎన్ 1888 ప్రకారం సీటు 150 డిగ్రీలైనా వాలకపోతే అది ఆరు నెలల లోపు పిల్లలకు పనికిరాదు. ఒకరి వెనక ఒకరు కూర్చునే బండ్లలో చాలావాటికి ఒక సీటు పూర్తిగా వాలుతుంది, రెండోది సగమే వాలుతుంది. ఇద్దరూ ఒకే ఈడు పిల్లలైనప్పుడు ఆ సగం సీటులో ఎవరిని పడుకోబెట్టాలి?

డల్లాస్‌లో ఉన్న మా మరిది, “వదినా, వచ్చేటప్పుడు నేను ఒకటి పట్టుకొస్తాను” అన్నాడు. అక్కడి డబుల్ స్ట్రోలర్లు గట్టివే, కానీ చాలావాటి బరువు 13 కిలోలు దాటుతుంది. 23 కిలోల బ్యాగేజీలో సగం దానికే పోతుంది. చక్రం విరిగితే ఇక్కడ దొరకదు. పైగా వెడల్పు సంగతి మళ్లీ మొదటికే వస్తుంది. ప్రేమగా అడిగాడు కాబట్టి డైపర్లు తెమ్మన్నాను.

షాపుల్లో టైల్స్ మీద ప్రతి బండీ హాయిగా జారుతుంది. అందుకే సేల్స్‌మన్‌ని బతిమాలి రోడ్డు మీదికి తెప్పించాను. మన రోడ్డు మీద చిన్న ప్లాస్టిక్ చక్రాలు ప్రతి గతుకునీ పిల్లల తల దాకా తెస్తాయి. చక్రం పెద్దదై, స్ప్రింగు సస్పెన్షన్ ఉంటే తేడా చేతికే తెలుస్తుంది. డబుల్ బండిలో ఒక సీటులో నా హ్యాండ్‌బ్యాగ్ పెట్టి, రెండోది ఖాళీగా ఉంచి తోసి చూశాను. బరువున్న వైపుకి లాగుతోంది. మా బాబు పాపకంటే అర కిలో పైనే ఎక్కువ ఉన్నాడు, ఏడిస్తే ఒకర్ని ఎత్తుకోక తప్పదు. ఈ పరీక్ష ఎవరైనా చేసి చూడాలి.

చివరికి ఒకే మోడల్ సింగిల్ స్ట్రోలర్లు రెండు కొన్నాం. వాటిని పక్కపక్కన కలిపే కనెక్టర్ క్లిప్పులు విడిగా తీసుకున్నాం. ఒక్కో బండి వెడల్పు 46 సెంటీమీటర్లు, బరువు 7 కిలోలలోపు, సీటు పూర్తిగా వాలుతుంది, ఐదు పట్టీల బెల్టు ఉంది. మోడల్ ఒకటే కాకపోతే గొట్టాల ఎత్తు కలవదు, క్లిప్పు సరిగ్గా పట్టదు. బయటి వస్తువులేవీ తగిలించకూడదని మాన్యువల్‌లో రాసి ఉన్న మోడల్‌ని ధర తక్కువైనా వదిలేశాం.

పిల్లల్ని ఎక్కించే ముందు రెండింట్లోనూ ఐదేసి కిలోల బియ్యం సంచులు పెట్టి, బెల్టులు బిగించి సెల్లార్ అంతా తిప్పాం. వాచ్‌మన్ కూడా ఒక చెయ్యి వేశాడు. చదునైన చోట క్లిప్పులు కదల్లేదు. సెల్లార్ ర్యాంపు మీద మాత్రం రెండు బండ్లూ చెరోవైపు లాగాయి. అప్పట్నుంచి ర్యాంపు మీద క్లిప్పులు తీసేసి, ఒక్కో బండినీ ఒక్కొక్కరం పట్టుకుంటాం. రోడ్డు మీద కూడా అంతే. ఫుట్‌పాత్ మీద ట్రాన్స్‌ఫార్మర్, బైకులు, టిఫిన్ బండి ఉంటాయి. అంత వెడల్పు బండితో రోడ్డు మధ్యలోకి దిగడం నాకు ఇష్టం లేదు.

లిఫ్టులో రెండు బండ్లూ మనిషీ కలిసి పట్టరు. ముందు అమ్మ ఒకర్ని తీసుకుని దిగుతుంది, తర్వాతి లిఫ్టులో నేను. కింద క్లిప్పులు పెట్టడం నిమిషం పని. 6, 10, 14 వారాల టీకాలకి ఇలాగే వెళ్లాం. ఆస్పత్రి కారిడార్‌లో కలిపిన బండి చాలా సుఖం. ఒకరికి సూది వేయిస్తుంటే రెండోవాళ్లు పక్కనే పడుకుని ఉంటారు. మెడ నిలబడ్డాక, డాక్టర్ సరేనన్నాక, నేనొక్కదాన్నే దిగాల్సి వస్తే ఒకర్ని బేబీ క్యారియర్‌లో గుండెకి కట్టుకుని, ఇంకొకర్ని స్ట్రోలర్‌లో పెట్టుకుంటున్నాను. క్యారియర్‌లో పిల్ల ముఖం నాకు కనిపిస్తూ, తల నా ముద్దుకి అందేంత ఎత్తులో ఉండాలి. రెండో స్ట్రోలర్ అప్పుడు మడిచి కారు డిక్కీలో ఉంటుంది.

ఆదివారాలు కొత్తగూడ బొటానికల్ గార్డెన్‌కి వెళ్తాం. అక్కడ నడక దారి మీద రెండూ కలిపి తోస్తే నాకు ఒక చెయ్యి ఖాళీ. ఎండాకాలంలో పొద్దున ఎనిమిదిలోపే ఇంటికి వచ్చేయాలి. నీడ కోసం స్ట్రోలర్ గొడుగు మీద చున్నీ కప్పడం మాత్రం వద్దు. గాలి ఆడక లోపల వేడెక్కుతుంది. డైపర్ బ్యాగు హ్యాండిల్‌కి తగిలిస్తే పాపని తీయగానే బండి వెనక్కి పడబోయింది, చేత్తో పట్టుకున్నాను. ఇప్పుడు బ్యాగు నా వీపు మీదే.

ఇద్దరు పిల్లల మధ్య రెండేళ్లు తేడా ఉన్నవాళ్లకు ఇవన్నీ అక్కర్లేదు. మంచి సింగిల్ స్ట్రోలర్, దాని వెనక పెద్దపిల్ల నిలబడే చెక్క ఉంటే చాలు. మా తోటికోడలు అదే వాడుతోంది. మా పిల్లలిద్దరిలో ఎవరు ముందు నడిస్తే వాళ్ల స్ట్రోలర్ విజయవాడలో ఉన్న మా చెల్లికి వెళ్తుంది. చెల్లికి డిసెంబర్‌లో డెలివరీ.