జిన్నియా ఆకుల మచ్చలు: మా మేడ మీద ఈ సీజన్ లెక్క

సెప్టెంబరు చివర్లో పన్నెండు అంగుళాల గ్రో బ్యాగులు ఆరింట్లో జిన్నియా విత్తనాలు వేశాను, ఐదో రోజుకే మొలకలు వచ్చాయి. బ్యాగుకు రెండు మొక్కలు చాలని తెలుసు, పీకడానికి చేతులు రాక నాలుగేసి ఉంచేశా.

నవంబరు మొదట్లో, మొగ్గలు పడే టైముకి, కింది ఆకుల మీద మచ్చలు. అలవాటు ప్రకారం వేపనూనె కొట్టాను, లీటరు నీళ్లకు 5 మి.లీ., కలవడానికి కాస్త గిన్నెల సబ్బు. వారం తిరిగేసరికి మచ్చలు ఇంకో రెండు జతల ఆకులు పైకి ఎక్కాయి. అప్పుడు కూర్చుని ఒక్కో ఆకూ తిప్పి చూస్తే, ఉన్నది ఒక జబ్బు కాదు, మూడు!

ఎక్కువగా ఉన్నవి ఎర్రటి గోధుమ రంగు గుండ్రటి మచ్చలు, పెద్దవాటికి నడుమ బూడిద రంగు. ఇది ఆల్టర్నేరియా అనే శిలీంధ్రం తెచ్చే ఆకుమచ్చ. ఆకు తడిగా ఉంటేనే అంటుకుంటుంది, నేనేమో సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి పైపుతో తలస్నానం చేయిస్తున్నా. మచ్చల ఆకులు కత్తిరించి చెత్తలో వేశా, బ్యాగుకు రెండేసి మొక్కలే ఉంచా, పొద్దున పూట, ఆకులు తడవకుండా మొక్క మొదట్లోనే నీళ్లు పోస్తున్నా. విత్తనంతో కూడా వస్తుంది కాబట్టి వీటి గింజలు దాచడం లేదు. మచ్చ కోణాలుగా ఉండి చుట్టూ పసుపు వలయం ఉంటే అది బ్యాక్టీరియా కావచ్చు, నాకు అది కనిపించలేదు.

రెండోది బూడిద తెగులు, బొటనవేలితో రుద్దితే విభూతిలా వేలికి అంటింది. దీనికి ఆకు తడవక్కర్లేదు, రాత్రి చల్లదనం, గాలాడని గుబురు చాలు. వెటబుల్ సల్ఫర్ (నీళ్లలో కలిపే గంధకం పొడి) లీటరుకు 2 గ్రాములు కొట్టాను, అదీ వేపనూనె కొట్టిన రెండు వారాలకు, లేకపోతే ఆకు మాడుతుంది. ఎండ 32 డిగ్రీలు దాటినా అంతే.

మూడోది గోడ పక్క బ్యాగులో, ఆకు నిండా సూదితో పొడిచినట్టు తెల్లటి చుక్కలు. తెల్లకాగితం మీద ఆకు దులిపితే చుక్కలు నడిచాయి! ఎర్రనల్లి, ఆకు రసం పీల్చే చిన్న పురుగు. ఆకుల అడుగున గట్టిగా నీళ్లు కొట్టాలి, కానీ ఆకు తడిపితే మచ్చ, అందుకే పొద్దున్నే ఎండ వచ్చే ముందు కొట్టా, గంటలో ఆరిపోయింది.

డిసెంబరు రెండో వారానికి ఐదు బ్యాగులు పూస్తున్నాయి, కింది ఆకులు లేక కాళ్లు బోసిగా ఉన్నా. నల్లి బ్యాగు మాత్రం నిలవలేదు, పీకేశా. ఆ మట్టిలో ఇప్పుడు మెంతికూర మొలిచింది.